సగం తవ్వి, సగం వదిలి

దేవుడికి పనికిరాదు. జడలోకి పనికిరాదు. ఆఖరికి మేకలు కూడా మూతి పెట్టవు. అయినా 1960, 70 దశకాల్లో విజయవాడ నుంచి వాల్తేరు దాకా ఏ చిన్న స్టేషన్లో దిగినా, రైల్వే క్వార్టర్ల ముందు ఎర్ర లిల్లీ ఒక్క వరసైనా కనిపించేది. ఇటుకల్ని ఏటవాలుగా పాతి, మూలలు పైకి తేల్చి, ఒకదానికి సున్నం, ఒకదానికి జాజు పూసిన మడి. అందులో వెడల్పాటి పచ్చటి ఆకుల పక్కనుంచి నిటారుగా లేచిన కాడలు. కాడకి నాలుగేసి పూలు, నాలుగు దిక్కులకీ ముఖం పెట్టి.

మేమంతా దాన్ని లిల్లీ అనే పిలిచేవాళ్ళం. పూలకొట్లో అమ్మే లిల్లీ వేరు, అది వాసన గల నేల సంపెంగ. మాది వాసన లేని లిల్లీ. ఇప్పుడు నర్సరీల్లో అమరిల్లిస్ అంటున్నారు, వృక్షశాస్త్రం పుస్తకాల్లో హిప్పియాస్ట్రమ్ అని ఉంటుంది. అసలు అమరిల్లిస్ దక్షిణాఫ్రికా మొక్క. మా మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా, బ్రెజిల్, బొలీవియా, పెరూ దేశాల వైపు. ఓడలెక్కి యూరప్ తోటలకి వెళ్ళి, అక్కణ్ణుంచి లోకమంతా తిరిగింది. ఏ దొరగారి బంగళాలోంచి మా క్వార్టర్లలోకి దిగిందోగానీ, నాకు ఊహ తెలిసేటప్పటికే అది మా ఇంటి చెట్టు.

మా ఇల్లు అనడం కూడా అలవాటు కొద్దీ అన్నమాటే. ఇల్లు రైల్వేది, మడి రైల్వే స్థలం, మడికి కొట్టే సున్నం కూడా రైల్వేదే. నాన్నగారు స్టేషన్ మాస్టరు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టిననాటికి ఆయన విజయవాడ డివిజన్లో అసిస్టెంటుగా ఉన్నారు. ఆ తరవాత అన్నవరం, నిడుబ్రోలు, తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే లైన్లో ఒక చిన్న స్టేషను, ఇలా ఒకచోట కుదురుకున్నాం అనుకునేసరికి ఆర్డరు వచ్చేది. ఆర్డరు వచ్చిన రోజు ఇంట్లో అందరికీ తలో దిగులు. నాన్నగారికి పిల్లల స్కూలు దిగులు, మాకు స్నేహితుల దిగులు, అమ్మకి మడి దిగులు.

ఆ కాలనీల్లో రూల్స్ పుస్తకంలో లేని రూలు ఒకటుండేది. వెళ్ళేవాళ్ళు దుంపలన్నీ తవ్వుకుపోకూడదు. సగం తవ్వుకోవాలి, సగం వదలాలి. అదీ, పెద్ద దుంపలన్నీ మూటగట్టి పిల్ల దుంపలు మట్టిలో వదలడం కాదు, పెద్దల్లో సగం, పిల్లల్లో సగం. తరవాత వచ్చే కుటుంబం ఎవరో తెలియదు, ఏ కులమో ఏ ఊరివాళ్ళో తెలియదు, మొక్కలంటే ఇష్టమున్నవాళ్ళో కాదో తెలియదు. అయినా వదలాలి. మేం దిగిన ప్రతి క్వార్టర్లోనూ ముందున్నవాళ్ళు వదిలిన సగం మాకోసం ఉండేది. ఒక చోట మాత్రం మడంతా ఖాళీగా కనిపించింది. అమ్మ ఒక్కమాట అనలేదు, కానీ ఆ ముందున్నవాళ్ళ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాట మార్చేసేది.

మా మూటా ముల్లే వెళ్ళడానికి పాసు మీద వ్యాగన్ ఇచ్చేవారు. దుంపల్ని పాత పేపర్లో ఒక్కొక్కటీ చుట్టి, గోనెసంచిలో వేసి, వంటసామానుకి దూరంగా పెట్టేది అమ్మ. ఒకసారి సామాను దింపడానికి వచ్చిన ఖలాసీ సంచి చినిగిందని వాటిని తీసి మంచిమనసుతో ఉల్లిపాయల బుట్టలో పోసేశాడు. ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చుని అమ్మ ఒక్కోదాన్నీ గోటితో గిల్లి వాసన చూసి వేరు చేసింది. ఘాటు కొట్టి కళ్ళు మండితే ఉల్లి. ఏ వాసనా లేకుండా జిగట తేలితే లిల్లీ. నవ్వులాట కాదది. ఆ దుంపలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది, కూరలో పడితే ఇల్లంతా వాంతులే. మేకలు మూతి పెట్టకపోవడానికి కారణం అదే. ప్రహరీలు లేని క్వార్టర్లలో బంతులూ కనకాంబరాలూ మేకల పాలైనా, లిల్లీ ఒక్కటే నిలిచి ఉండేది. ఈ కుటుంబపు మొక్కల్లోనే దొరికే గాలంటమీన్ అనే మరో పదార్థాన్ని ఇప్పుడు మతిమరుపు జబ్బుకి, అంటే ఆల్జీమర్స్ రోగులకి మందుగా ఇస్తున్నారు. పనికిరాని పువ్వని దీన్ని ఈసడించిన మా నాయనమ్మకి ఈ సంగతి తెలిస్తే ఏమనేదో!

నాయనమ్మ ఈసడింపుకి కారణం ఉంది. అన్నవరంలో ఉన్నప్పుడు రత్నగిరి మీద సత్యనారాయణస్వామి వ్రతానికి వచ్చే జనం రోజూ మా స్టేషన్లోనే దిగేవారు. మా మడి చూసి ముచ్చటపడి, ఆనక ముఖం తిప్పుకుని, పక్క క్వార్టర్లో నందివర్ధనాలు అడిగి కోసుకుని వెళ్ళేవారు. పూజకి పనికిరాని పువ్వుకి నీళ్ళెందుకని నాయనమ్మ పోరు. ఉప్పునీళ్ళ బావి, మంచినీళ్ళు రైల్లో రావాలి, బిందెలు లెక్క. అందుకని అమ్మ కడుగునీళ్ళు దాచిపెట్టి పోసేది. ఏ పనికీ రాని ఒక్క పువ్వు కోసం ఆవిడ అంత తాపత్రయం ఎందుకు పడిందో నాకు పెళ్ళై, పిల్లలు పుట్టి, రోజంతా ఎవరో ఒకరి పనిలోనే గడిచిపోవడం మొదలయ్యాక అర్థమైంది. ఆ ఇంట్లో ఎవరి అవసరానికీ కాకుండా ఆవిడ తనకోసం చేసుకున్న పని అదొక్కటే.

అమ్మ చదివింది అయిదో క్లాసు. తోటపని పుస్తకం ఎప్పుడూ చూడలేదు. లిల్లీకి ఆవిడ లెక్కంతా పంచాంగంలోనే ఉండేది. కార్తీకం దాటాక నీళ్ళు తగ్గించాలి, మార్గశిరంలో పూర్తిగా మానెయ్యాలి. ఆకులు పసుపెక్కి వాటంతటవి వాలిపోయేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. సంక్రాంతి సందడి ముగిశాక తవ్వకం. పిల్ల దుంపల్ని తల్లినుంచి విడదీసి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, గాయమైన చోట పొయ్యి బూడిద అద్ది, నీడలో ఆరబెట్టాలి. శివరాత్రికి మొదటి తడి. ఉగాదికి కాడ కనిపించాలి. కనిపించకపోతే ఆ దుంప మీద ఆవిడకి కోపం వచ్చేది.

పాతడంలోనూ పద్ధతి ఉంది. దుంపలో మూడోవంతు నేల పైనే ఉండాలి. "మెడ దాకా పూడ్చకండర్రా, ఊపిరాడదు దానికి" అని మా చేతుల మీద ఒకటి వేసేది. లోతుగా పాతితే మెడ దగ్గర తడి చేరి కుళ్ళుతుంది, లేదా ఆకులు వేసి ఊరుకుంటుంది. తెనాలి వైపు నల్లరేగడి, నీళ్ళు కిందికి దిగవు. దానికి మందు లోకో షెడ్డులో ఉండేది. ఆవిరి ఇంజన్ల కింద నుంచి లాగి పోసిన కాలిన బొగ్గు పెళ్ళలు గూడ్సు బండి మీద గోనెల్లో వచ్చేవి. మడి అడుగున జానెడు మందాన అవి పరిచి, పైన ఇసుక కలిపిన మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు. ఆ కాలంలో రైల్వే కాలనీల్లో పూలు బాగా పూసేవంటే అందులో ఇంజన్లకీ వాటా ఉంది.

వరండాలో డాల్డా డబ్బాలు. అడుగున మేకుతో చిల్లులు పొడిచి, ఒక్కో డబ్బాలో ఒక్కో దుంప. దీనికి విశాలమైన ఇల్లు అక్కర్లేదు. దుంప చుట్టూ రెండు వేళ్ళ జాగా ఉంటే చాలు, కాస్త ఇరుకుగా ఉంటేనే తొందరగా పూస్తుంది. కాడ బయల్దేరాక ఒక డబ్బాని ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టేవాళ్ళం. ఎండలో నాలుగైదు రోజులకే వాడే పువ్వు ఇంటి నీడలో ఇంకాస్త నిలుస్తుంది. కాకపోతే అది వెలుతురున్న వైపుకి ఒరుగుతుంది, రోజూ డబ్బాని కొంచెం కొంచెం తిప్పుతుండాలి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన నాన్నగారు పగలు నిద్రపోవాలని మా ఇంట్లో కిటికీలు మూసి ఉంచడం ఆచారం. అలాంటి వారంలో ఇంట్లో పెట్టిన మొక్క కాడ పాలిపోయి, సాగి సాగి, పూల బరువుకి డబ్బాతో సహా బోర్లాపడేది. ఆ చప్పుడికి నాన్నగారి నిద్ర పాడయ్యేది, తరవాత మా వీపులు మోగేవి.

కాడ బయటికి రావడం చూడాల్సిన వేడుక. ఆకుల నడిమి నుంచి రాదు, దుంప మెడ పక్కనుంచి తోసుకుని వస్తుంది. ముందు చిలక ముక్కంత మొన కనిపిస్తుంది, అది ఆకో కాడో మొదట తెలియదు. వేలితో తడిమితే ఆకు పలచగా ఉంటుంది, కాడ మొద్దుగా, గట్టిగా ఉంటుంది. ఆ తడిమి చూసే పని మాలో ఎవరు చెయ్యాలన్నదాని మీద రోజూ తగవు. ఆ తరవాత దాని పరుగు. పొద్దున్న చూసిన చోట సాయంత్రం ఉండదు. స్కూల్ స్కేలు పెట్టి గోడ మీద సున్నపు గీతలు గీసేవాళ్ళం. తీరా ఎత్తు పూర్తయ్యాక తల మీది పొర రెండుగా చీలి, నాలుగు మొగ్గలు బయటపడి, మెల్లగా కిందికి వంగి, ఒకదానికొకటి ఎడంగా జరిగి, విచ్చుకునేవి. మాకు ఏడాది పరీక్షలూ అప్పుడే. పువ్వులో ముక్కు పెట్టి పుప్పొడి పసుపు అంటించుకుని పరీక్షకి వెళ్ళడం శుభమని మాలో ఎవరు పుట్టించారో తెలియదు. లెక్కల పరీక్ష మీద మాత్రం దాని ప్రభావం ఏమీ కనపడలేదు. పూలు రాలాక కాడ కోస్తే లోపల డొల్ల. మగపిల్లలు దానితో ఈల ఊది, గార్డు జెండా ఊపినట్టు ఆకులు ఊపి, బండి ఆట ఆడేవాళ్ళు.

ఆషాఢం వచ్చిందంటే యుద్ధం. నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలూ ఎర్ర మచ్చలూ ఉన్న గొంగళి పురుగులు రాత్రికి రాత్రి దిగేవి. సాయంత్రం నిండుగా ఉన్న మడి తెల్లారేసరికి మోడై ఉండేది. అంత విషమున్న ఆకుని అవి హాయిగా నమిలేవి, పట్టించుకోకపోతే దుంపలోకీ తొలిచేవి. మందు కొట్టడం ఎవరికీ తెలియదు. కిరసనాయిలు కలిపిన నీళ్ళ డబ్బా ఒకటి, చీపురుపుల్లలు రెండు, పిల్లలం అయిదారుగురం. పుల్లలతో ఏరి డబ్బాలో వెయ్యడం మా డ్యూటీ. సిగ్నల్ దీపాలు వెలిగించే తాత దారిలో ఆగి, ఆకుల అడుగున చూడండర్రా, గుడ్లక్కడ ఉంటాయి అని చెప్పి వెళ్ళేవాడు. నిజంగానే అక్కడ ఉండేవి. మోడైన మడిని చూసి కంగారుపడక్కర్లేదని అమ్మ అనుభవం. దుంప గట్టిగా ఉంటే మళ్ళీ ఆకు వేస్తుంది.

ఆకు సంగతి ఎందుకంత పట్టింపో చెప్పడానికి మరో ముచ్చట ఉంది. ఏటా ఒకసారి పెద్ద అధికారుల ఇన్‌స్పెక్షన్ ఉండేది. నెల ముందు నుంచే హడావుడి. ప్లాట్‌ఫారం చివర పూలమడిలో స్టేషన్ పేరు సున్నం కొట్టిన రాళ్ళతో రాసేవారు. క్వార్టర్ల కుండీలన్నీ ప్లాట్‌ఫారం మీదికి నడిచేవి. చాలకపోతే పక్క స్టేషన్ కుండీలు గూడ్సు గార్డు బ్రేక్ వ్యాన్లో వచ్చి, తనిఖీ అవగానే తిరుగుబండిలో వెళ్ళిపోయేవి. ఒకే కుండీ ఒకే దొరగారికి ఒకే రోజున రెండు స్టేషన్లలో సలాం కొట్టిందని గార్డులు చెప్పుకుని నవ్వేవారు. అలాంటి ఒక తనిఖీకి ముందు వచ్చిన ఒక చిన్న అధికారి, పూలు అయిపోయిన లిల్లీ ఆకులు చిందరవందరగా ఉన్నాయని, మొదలంటా కోయించేశాడు. మడి చాలా శుభ్రంగా కనిపించింది. మరుసటి ఏడు ఒక్క కాడ లేదు.

చాలా కాలానికి ఒక వ్యవసాయ పత్రికలో దాని కారణం చదివాను. ఈ దుంప లోపల నాలుగు ఆకులకి ఒక పూకాడ చొప్పున వరసగా తయారవుతుందట. మనం ఉగాదికి చూసే పువ్వు ఎన్నో నెలల ముందే దుంప పొరల మధ్య రూపు కట్టి ఉంటుంది. ఆకు కోస్తే ఆ ఏటిది కాదు, వచ్చే ఏటి పువ్వు పోతుంది. పూలు వాడాక కాడ తీసేసి, ఆకుల్ని మాత్రం ఆర్నెల్లు ఎండలో ఉంచి మేపుకోవాలి. దుంప బలిసేది అప్పుడే. అమ్మకి ఈ శాస్త్రం తెలియదు, కానీ ఆకు కోసినవాణ్ణి ఆవిడ ఎందుకు క్షమించలేదో నాకు ఆరోజు తెలిసింది.

గార్డుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మా మొక్కల రాకపోకలన్నీ వాళ్ళ చేతుల మీదే. కాజీపేట, విజయవాడల మధ్య తిరిగే ఒక గార్డుగారి భార్య డోర్నకల్ నుంచి అమ్మకి ఒక సంచి పంపారు. "ఈ గడ్డ మీ దిక్కు లేదంట కదమ్మా, మా ఆమె ఇయ్యమన్నది" అని ఆయన గుమ్మంలో నిలబడి చెప్పడం గుర్తు. అది పూశాక కాలనీ అంతా చూడ్డానికి వచ్చింది. ముదురు ఎరుపు, రేకు రేకుకీ నడుమ తెల్లచార. బదులుగా అమ్మ మా నారింజ ఛాయ ఎర్ర లిల్లీ దుంపలూ, వాటితోపాటు కందిపొడి సీసా పంపింది. ఉత్తినే పుచ్చుకున్న మొక్క పాతుకోదని ఆవిడ నమ్మకం. పుచ్చుకున్నవాళ్ళు తిరిగి ఏదో ఒకటి ఇవ్వాలి, కరివేపాకు పిలకైనా, అయిదు పైసలైనా.

1977లో మేం రేపల్లె లైన్లో ఉన్నాం. ఒంటి లైను, డ్రైవరుకి టోకెన్ బంతి చేతికిస్తేగానీ బండి కదలదు. నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచింది. వేలమంది పోయారు. మా వైపు సముద్రం రాలేదుగానీ గాలీ వానా స్టేషన్ పైకప్పు రేకులు లేపేశాయి, తీగలు తెగాయి, కట్ట కింద ఊళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి. ఎక్కడెక్కడి వాళ్ళో ప్లాట్‌ఫారం మీద తలదాచుకున్నారు. అమ్మా, పక్క క్వార్టర్ల అత్తయ్యగార్లూ కలిసి స్టేషన్ వెనక గాడిపొయ్యి తవ్వి గంజి కాచిపోసేవారు. పువ్వుల సంగతి తలుచుకోవడానికి కూడా సిగ్గుపడాల్సిన రోజులవి. నెలలు గడిచాక ఎప్పుడో మడి తవ్వి చూస్తే దుంపలన్నీ చేత్తో పట్టుకోగానే మెత్తగా జారిపోయాయి. ఎర్రవీ, చారలవీ, ఒక్కటీ మిగల్లేదు.

అమ్మ అన్నవరానికి ఒక కార్డు రాసింది. మేం వదిలివచ్చిన క్వార్టర్లో అప్పుడున్న ఆవిణ్ణి అమ్మ ఎప్పుడూ చూడలేదు. ఉత్తరంలో దుంపల మాట ఆఖరి వాక్యం. కొన్నాళ్ళకి గార్డు చేతి నుంచి గార్డు చేతికి మారుతూ, రాజమండ్రి, విజయవాడ, తెనాలి దాటుకుని ఒక సంచి మా స్టేషన్లో దిగింది. పైన కాగితం మీద పెన్సిలుతో, "మీ సగంలో సగం" అని రాసి ఉంది. చారల లిల్లీ డోర్నకల్ నుంచి మళ్ళీ వచ్చింది. మేం సగం వదలకుండా అంతా తవ్వుకుని వచ్చుంటే ఆ వాననీళ్ళలో మొత్తం పోయేదే. ఆ రూలు మర్యాద కోసం పెట్టింది అనుకునేదాన్ని అప్పటిదాకా. అది బీమా కూడానని అప్పుడు తెలిసింది.

ఈ బీమా మా కాలనీలు కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో లాంకషైర్ జిల్లా ప్రెస్కాట్ ఊళ్ళో ఆర్థర్ జాన్సన్ అని గడియారాలు చేసే ఆయన ఉండేవాడు. 1799లో దక్షిణ అమెరికా జాతులు రెండిటిని కలిపి ఆయన ఒక కొత్త మొక్క పుట్టించాడు. ఎర్ర రేకుల మీద తెల్లచార. హిప్పియాస్ట్రమ్ సంకర జాతుల్లో మొదటిది అదేనంటారు. తరవాత ఆయన గాజు షెడ్డు ధ్వంసమైంది. అప్పటికే కొన్ని దుంపలు లివర్‌పూల్ వృక్షోద్యానానికి ఇచ్చి ఉండబట్టి ఆ మొక్క దక్కింది. జాన్సన్ పేరుతోనే అది ఇప్పటికీ తోటల్లో పూస్తోంది. ఈ కథ చదివినప్పుడు అమ్మకి వినిపించాను. "మరి! ఇవ్వకపోతే ఎలా ఉంటుంది?" అంది, ఇంగ్లండు గడియారాల ఆయన తమ కాలనీవాడే అన్నంత తేలిగ్గా.

ఆ కాలనీలు ఇప్పుడు లేవు. బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్లు 1995తో ఆగిపోయాయి. రంగు లైట్ల సిగ్నళ్ళు వచ్చాయి, దీపాలు వెలిగించే తాతలు అక్కర్లేకపోయారు. రోడ్లు పడ్డాయి, మోటార్‌సైకిళ్ళు వచ్చాయి. పిల్లల చదువుల కోసం స్టేషన్ సిబ్బంది పట్నాల్లో ఇళ్ళు తీసుకుని డ్యూటీకి వచ్చిపోతున్నారు. అందులో తప్పేముంది? అర్ధరాత్రి పిల్లకి జ్వరం వస్తే గూడ్సు బండి ఆపి ఇంజన్లో కూచోబెట్టి తీసుకెళ్ళిన రోజులు తిరిగి రావాలని ఎవరు కోరుకుంటారు? ఉప్పునీళ్ళ బావి, తేళ్ళు, నైట్ డ్యూటీలు, ట్రాన్స్‌ఫర్ భయం, వీటన్నిటి మధ్య పెరిగినవాళ్ళెవరూ ఆ బతుకుని స్వర్గం అనరు. చిన్న స్టేషన్లలో చాలా క్వార్టర్లకి కిటికీలు పోయి, గదుల్లో సర్కారు తుమ్మ మొలిచింది. విజయవాడ, గూడూరు మధ్య మూడో లైను వేస్తున్నప్పుడు మేమున్న ఒక కాలనీ స్థలం కట్ట కిందికి వెళ్ళింది.

లిల్లీకి మాత్రం కరువు రాలేదు. కడియం వెళ్తే తెల్లవి, గులాబీవి, ముద్దపూలవి దొరుకుతున్నాయి. ఫోనులో నొక్కితే హాలెండు దుంపలు ఇంటికొస్తాయి. వాటి చుట్టుకొలత సెంటీమీటర్లలో కొలిచి 26, 28, 30 అని ధర కడతారు. పెద్ద దుంపకి రెండు మూడు కాడలు కూడా వస్తాయి. తొలి ఏడు బ్రహ్మాండంగా పూస్తుంది, ఆ పువ్వు అక్కడి రైతు మేపి పంపినది. రెండో ఏటి పువ్వు మనం మేపాల్సినది. అక్కడే కథ ముగుస్తోంది. బాల్కనీ నీడలో, పన్నెండు నెలలూ నీళ్ళు పోస్తే ఆకులు సాగుతాయి, వాటి మీద ఎర్రమచ్చ తెగులు పాకుతుంది, దుంప కుళ్ళుతుంది. మళ్ళీ ఫోను నొక్కుతారు.

సికింద్రాబాదులో మా ఫ్లాటుకి తూర్పు బాల్కనీ ఉంది. పొద్దున్న మూడు నాలుగు గంటల ఎండ దొరుకుతుంది, దీనికి అది చాలు. అన్నవరం దుంపల సంతానం మట్టికుండీల్లో ఉంది. ప్లాస్టిక్‌వి తేలిక, పూల బరువుకి పడిపోతాయి. అమ్మకి ఎనభై దాటాయి, వంగలేదు. కుర్చీలో కూర్చుని పంచాంగం ప్రకారం నాచేత అన్నీ చేయిస్తుంది. మొదట్లో పిల్ల దుంపలు ఫ్లాట్లలో వాళ్ళకి పంచబోతే కొందరు ఎంతివ్వమంటారని అడిగారు, కొందరు మొహమాటానికి తీసుకుని లిఫ్టు పక్కన పెట్టేశారు. నాది అనే జాగా ఇంతైనా లేనప్పుడు ఊరూరా సగం సగం వదిలివచ్చిన అమ్మ, రిజిస్టరు చేయించుకున్న సొంతింట్లో కూర్చుని ఇవ్వడానికి మనిషి కోసం వెతుక్కోవడం నాకు వింతగానే ఉంటుంది. మనం ఇవ్వడం ఒక్కటే కాదు, పుచ్చుకోవడం కూడా మర్చిపోయాం. ఒకరి దగ్గర పుచ్చుకుంటే రేపు వాళ్ళు వచ్చి అడుగుతారన్న భయం. ఆ కాలనీలు నడిచింది ఆ అడగడం మీదే.

మా మేనకోడలు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ క్రిస్మస్ ముందు ఇదే దుంప కుండీతో సహా అట్టపెట్టెలో అమ్ముతారు. బయట మంచు కురుస్తుంటే ఇంట్లో కిటికీ దగ్గర పూయించి, వాడగానే చెత్తలో వేసేవాళ్ళే ఎక్కువట. ఈ పిల్ల ఒకటి కొని, ఫొటో పంపింది. దాన్ని పారెయ్యకుండా మళ్ళీ ఎలా పూయించాలో నేర్పమని నానమ్మకి ఫోను. అమ్మకి కార్తీకం లెక్క అక్కడ చెల్లదని తెలియడానికి కొంత సమయం పట్టింది. చివరికి ఇద్దరూ కలిసి ఒక కొత్త పంచాంగం తయారుచేశారు. మంచు భయం పోయాక కుండీ పెరట్లోకి, వేసవంతా ఎండ, ఎరువు. చలి ముదరకముందే లోపలికి తెచ్చి, నీళ్ళు మానేసి, బేస్‌మెంటులో చల్లగా చీకటిగా ఉన్న మూల ఎనిమిది నుంచి పది వారాల నిద్ర. ఆ తరవాత కొత్త మట్టి, గోరువెచ్చటి చోటు, మొదటి తడి. అక్కణ్ణుంచి నెలన్నర, రెండు నెలల్లో పువ్వు. రెండో ఏడు అది పూసినప్పుడు అమ్మ ఇక్కడ ఫోను పట్టుకుని ఇంటింటికీ చూపించింది.

మొన్న మళ్ళీ ఫోను. "నానమ్మా, పక్కనుంచి రెండు పిల్లలొచ్చాయి. కుండీ చాలట్లేదు, తీసి పారెయ్యనా?"

"పారెయ్యడమేమిటే! పక్కింట్లో ఎవరుంటారు?"

"ఎవరో గుజరాతీ వాళ్ళు. అంత పరిచయం లేదు."

"పరిచయం దేనికి? ఒకటి వాళ్ళకియ్యి. రేపు నీది కుళ్ళిందనుకో, వెళ్ళి అడగొచ్చు."

వారం తరవాత ఆ పిల్ల చెప్పింది. దుంప ఇచ్చి వచ్చిందట, వాళ్ళావిడ ఆశ్చర్యపోయి, మర్నాడు డబ్బా నిండా ఢోక్లా తెచ్చి ఇచ్చిందట. ఢోక్లా అంటే ఏమిటో అమ్మకి నేను చెప్పాల్సి వచ్చింది. విని, తృప్తిగా తలూపింది. "తిరిగి ఇచ్చారు కదా, ఇంక పాతుకుంటుందిలే" అంది.